భావనపాడు ఒడ్డున ఎర్ర జెండా బొమ్మ

టెక్కలి వెళ్ళి భావనపాడు మీదుగా తిరిగొస్తే అదీ ఒక యాత్రేనా అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ గురించి చెప్పుకుంటారు. నేను వెళ్ళింది మూడు రోజులు, చెప్పుకోవలసింది మాత్రం చాలా ఉంది. నాకు చదువు లేదు. నా పేరు ఎర్రమ్మ అని మూడక్షరాలు గీయగలను, అంతే. నేను చెప్తుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. తిట్లు తీసేస్తానంది కానీ నేను ఒప్పుకోలేదు.

మాది ఉద్దానంలో సముద్రం అంచున ఉన్న పల్లె. చేతిలో పట్టే ఫోన్లు మా ఒడ్డుకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. దసరా వెళ్ళాక విశాఖపట్నంలో పెద్ద చదువు చదువుతున్న సుధారాణి అనే అమ్మాయి మా ఊరొచ్చింది. చదువురాని ఆడవాళ్ళు ఇద్దరు కావాలంది. టెక్కలిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, అది మాకు అర్థమవుతోందో లేదో చూస్తుందట. చదువు రానివాళ్ళని వెతుక్కుంటూ ఒకరు రావడం నేను పుట్టాక అదే మొదటిసారి.

మా పక్కింటి దానమ్మొదిన వెంటనే లేచింది. "సదువురాని మడిసి కావాలంటే నానుండగా ఇంకెవుల్ని ఎతుకుతావు గుంటా?" అంది. నన్నూ లాగింది.

తిండీ, దారి ఖర్చూ వాళ్ళదే. నేను ఒప్పుకున్నది వేరే పనికి. మా తమ్ముడు సింహాచలం ఆ నెల భావనపాడులో లచ్చయ్య అనే ఆయన బోటు మీద పనికి కుదిరాడు. తిరిగొచ్చేటప్పుడు వాణ్ణి చూసి రావచ్చు కదా అనుకున్నాను. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే.

పూండి

ఆటోలో పూండి స్టేషనుకి మనిషికి ఆరు రూపాయలు. పదిమంది ఎక్కాక కూడా డ్రైవరు ఇంకొకరి కోసం చూస్తూనే ఉన్నాడు. కొబ్బరి తోటలు, జీడి తోటలు దాటుతున్నంతసేపూ దానమ్మ ఒళ్ళో ఎండు నెత్తళ్ళ మూట ఉంది. టెక్కలిలో ఎవరికైనా అమ్మితే చేతి ఖర్చుకొస్తుందని తెచ్చుకుంది.

రైల్లో మా బల్ల ఇట్టే ఖాళీ అయిపోయింది. ఒకాయన ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని లేచాడు.

"కూకో బావా, సచ్చిన సేపలే. కరవ్వు," అంది దానమ్మ.

ఆయన నవ్వకుండానే వెళ్ళిపోయాడు. మేం కాళ్ళు చాపుకుని కూర్చున్నాం.

పలాస

పలాసలో టెక్కలి బస్సు కోసం చాలాసేపు ఆగాం. గాలిలో జీడిపిక్కలు కాల్చిన వాసన. ఇడ్లీ ప్లేటు ఐదు రూపాయలు, చట్నీ మాత్రం ఎంతైనా వేస్తారు. మా ఊళ్ళో చోడి అంబలి తాగే వేళకి ఇక్కడివాళ్ళు టిఫిన్ తిని చెయ్యి కూడా కడిగేసుకుంటారు.

బస్టాండు అరుగు మీద జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆవిడ ఒకామె కూర్చుంది. వేళ్ళు మసి పూసినట్టున్నాయి. పిక్క తొక్కలో నూనె చర్మం తినేస్తుందట. పనికి వెళ్ళలేదేం అని అడిగాను.

"ఎల్లినాను. గేటు కాడ ఏలెట్టే మిషనెట్టినారు. ఏలు పెడితే నువ్వెవులివో తెల్దంటది," అంది. "పన్నెండేళ్ళయి నానక్కడే సత్తన్నాను, దానికి నానెవుల్నో తెల్దట! గీతలు నేవంట నా ఏలికి."

"రేపు కాలెట్టి సూడు," అంది దానమ్మ.

ఆవిడ పకపకా నవ్వింది. గుమాస్తా వచ్చి చేత్తో పేరు రాసేదాకా ఇలా బయట కూర్చోవాలట. వెళ్తూ వెళ్తూ మా గుప్పిట్లో చెరో నాలుగు జీడిపప్పు బద్దలు పోసింది. మేం చెట్టు కింద ఏరుకొచ్చిన పిక్కలు అమ్ముతాం గానీ, పప్పు మా నోటికి వచ్చేది పెళ్ళిళ్ళప్పుడే.

టెక్కలి

ఆ రాత్రికి మమ్మల్ని ఒక కాలేజీ హాస్టల్లో ఉంచారు. వేరే పల్లెల నుంచి ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. అన్నంలోకి పప్పు, కూర, సాంబారు, పెరుగు. అన్నీ ఉన్నాయి, చేప ముక్క ఒక్కటీ లేదు. దానమ్మ అమ్ముకుందామని తెచ్చిన నెత్తళ్ళు విప్పి అందరికీ తలో నాలుగు పంచేసింది. వంటాయన తిట్టి, తర్వాత తనే వేయించి తెచ్చాడు.

సుధారాణి మాతోపాటే కింద కూర్చుని తింది. తన చదువేమిటో చెప్పమన్నాం.

"ఇదివరకు కంప్యూటరు వాడాలంటే మనిషే దాన్ని నేర్చుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలు, మీటలు... అవి రానివాడికి అది పెట్టెతో సమానం. ఇప్పుడలా కాదు, వేలితో తాకితే చాలు. ముందు ముందు మాట్లాడితే వింటుంది కూడా. అందుకని ఇప్పుడు మా పరిశోధన యంత్రం గురించి కాదమ్మా. మీ గురించి. మీ వేలు ఎక్కడ ఆగుతుంది, మీ కన్ను ముందు ఏ బొమ్మ మీదకి వెళ్తుంది, అవి నేను రాసుకుంటాను."

"మా ఏలు సూసి నీకు డిగ్రీ ఇత్తారా?" అని దానమ్మ ఆశ్చర్యపోయింది.

"డాక్టరేటు ఇస్తారు."

"మరి సూసుకో," అని అన్నం చేత్తోనే వేలు ముందుకి చాపింది.

చేపల రేవుల్లో పెట్టడానికి చేయించిన యంత్రమట అది. చేపలు ఎటువైపు ఉన్నాయో చెప్తుంది, గాలి ఎలా ఉంటుందో చెప్తుంది. ఒకటి అప్పటికే భావనపాడు షెడ్డులో పెట్టి వారం అయిందట. రోజూ ఎంతమంది తాకారో ఇక్కడికే తెలుస్తుందని, చాలామందే తాకుతున్నారని ఆ పిల్ల సంబరంగా చెప్పింది.

మర్నాడు పొద్దున్న ఒక్కొక్కరినే గదిలోకి పిలిచారు. అందరికంటే చివర నా వంతు వచ్చింది. టీవీ లాంటి అద్దం, దాని మీద బొమ్మలు. మొదట తాకడానికి భయమేసింది. పగిలిపోతే ఎవరు కట్టాలి?

"తప్పు, ఒప్పు లేదమ్మా. మీకేమనిపిస్తే అది చెప్పండి," అంది సుధారాణి.

నీలం రంగు నీళ్ళు, దాని మీద బోటు. "సముద్రం బాగుంది. ఎల్లొచ్చు," అన్నాను. చేపల బొమ్మ పక్కన బాణం. "అటేపు సేపలున్నాయి." తర్వాత నీళ్ళ మీద కర్రకి కట్టిన ఎర్ర జెండా వచ్చింది.

"ఓలమ్మ! ఇది మంచి బొమ్మ. బేగి ఎల్లాలి," అన్నాను.

ఆ పిల్ల కలం ఆగింది. నా వైపు చూడకుండా కాయితం మీద ఏదో కొట్టేసింది. బళ్ళో పంతులు పలక మీద తప్పు పెట్టినట్టే అనిపించింది.

"తప్పా మేడమ్?"

"తప్పని కాదు... ఆరుగురూ అదే అన్నారు. ఇంకా నేర్పించాలేమో. ఎర్ర జెండా అంటే ప్రమాదం కదమ్మా. వెళ్ళొద్దని."

మా ఒడ్డున సముద్రంలో వల వదిలాక, దాని చివర తేలే బెండుకి వెదురు కర్ర గుచ్చి ఎర్ర గుడ్డ కడతాం. తెల్లారి అలల మధ్య ఆ గుడ్డ కనిపించిందంటే మన వల ఉంది, చేప ఉంది, ఇంట్లో కూడు ఉంది. దాన్ని చూస్తే ఎవరి మనసైనా ముందుకే ఉరుకుతుంది. అదే చెప్పాను.

సుధారాణి మొహం తెల్లబోయింది.

"భావనపాడులో కూడా ఇదే బొమ్మా?" అన్నాను.

"ఇదే."

"ఈరోజు అక్కడేటుంది?"

పక్క గదిలో ఇంకో కంప్యూటరు ఉంది. పరుగున వెళ్ళింది, నేనూ వెనకే వెళ్ళాను. సముద్రంలో వాయుగుండం ఉందని కబురట. తెల్లవారినప్పటి నుంచీ భావనపాడులో ఎర్ర జెండాయే ఉంది. మామూలు కంటే రెట్టింపు మంది తాకారని పొద్దున్నే తన సార్‌కి ఫోన్ చేసి మరీ చెప్పుకుందట.

భావనపాడులో మధ్యాహ్నం దాటాక బోట్లు సముద్రంలోకి దిగుతాయి. వలలు వదిలి రాత్రంతా నీళ్ళ మీదే ఉంటాయి. గడియారం చూపించి ఎంతయిందని అడిగాను. పదకొండున్నర.

"బొమ్మ మార్చీ," అన్నాను.

"ఇక్కడి నుంచి కుదరదు. విశాఖపట్నంలో సార్ మార్చాలి. ఫోనెత్తడం లేదు, క్లాసులో ఉంటారు."

భావనపాడులో ఫోను బూత్‌కి చేశాం. ఎవరో ఎత్తి "ఎవులు కావాల?" అన్నారు. "సింహాచలం" అనేలోపు గరగరమని లైను పోయింది. మళ్ళీ కలవలేదు.

నౌపడ

భావనపాడుకి ఆటో అతను నూట యాభై అడిగాడు. అంత తొందరలోనూ దానమ్మ నూటికి బేరం పెట్టింది. "అడిగినంత ఇచ్చీ!" అని అరిచాను. సుధారాణి ముందు కూర్చుని చేతి ఫోనులో సార్‌కి చేస్తూనే ఉంది, ఆయన ఎత్తడం లేదు.

నౌపడ దగ్గర రైలు గేటు వేసి ఉంది. రెండు పక్కలా ఉప్పు మళ్ళు. ఎండలో కళ్ళు విప్పనివ్వని తెలుపు. మాకు ఉప్పంటే చేప ఎండబెట్టడానికి కొనుక్కొచ్చే బస్తా, ఇక్కడ అది గుట్టలు గుట్టలు. ఆడవాళ్ళు గబగబా తాటాకులు మోసుకొచ్చి ఆ గుట్టల మీద కప్పుతున్నారు. ఒకామె నీళ్ళ కుండ దగ్గరకొస్తే అడిగాను, మిట్ట మధ్యాహ్నం ఎందుకంత కంగారని.

"గాలి తిరిగిపోనాది, నీకు తెల్దేటి?" అంది. "సాయంత్రానికి వానొచ్చీద్ది. తడిస్తే మా కూలి నీళ్ళలోకే."

నేను చెయ్యి బయటపెట్టి చూశాను. అవును, తూర్పు నుంచి రావలసిన గాలి ఉత్తరం నుంచి వస్తోంది. పొద్దుటి నుంచీ నాలుగ్గోడల మధ్య అద్దం చూస్తూ కూర్చుని అది పట్టించుకోలేదు.

గూడ్సు బండి వచ్చింది. పెట్టెలు ఎంతకీ తరగవు. దానమ్మ లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేసి ఏడుపు మొహం పెట్టింది. దాని మేనల్లుడు కూడా అదే రేవులో ఉన్నాడని అప్పుడు చెప్పింది.

గేటు ఎత్తాక దానమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఎర్రీ, బోట్లు దిగే ఏల. నువ్వు ఆటోలోనే ఉండు. నానూ ఈ గుంటా ఎల్లి సెప్తాం."

సుధారాణికి అర్థం కాలేదు. దానమ్మే చెప్పింది. బోటు దిగేటప్పుడు మొగుడు పోయిన ఆడది ఎదురు రాకూడదు. వస్తే బోటు ఆ రోజుకి వెళ్ళదు. మా ఆయన సముద్రంలో పోలేదు, ఉద్దానంలో ఎంతోమందికి వచ్చే కిడ్నీ జబ్బుతో మంచంలో పోయాడు. అయినా బోటుకి నేను చెడ్డే. పదకొండేళ్ళుగా ఆ వేళకి నేను సరుగుడు తోట వెనక నుంచే తిరిగి వెళ్తున్నాను. ఒకరు చెప్పాలని లేదు, కాళ్ళకే అలవాటైపోయింది.

భావనపాడు

మేం వెళ్ళేసరికి రెండు బోట్లు వెళ్ళిపోయాయి. నీళ్ళ మీద చిన్న చుక్కల్లా కనిపిస్తున్నాయి. ఎనిమిదో తొమ్మిదో ఇసుక మీద వరసగా ఉన్నాయి. లచ్చయ్య బోటు మూతి అప్పటికే నీళ్ళలో ఉంది. మా తమ్ముడు నడుం లోతులో నిలబడి తోస్తున్నాడు. సముద్రం మాత్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది.

దానమ్మ, సుధారాణి ఇసుకలో పరిగెత్తారు. నేను ఆటో పక్కన నిలబడ్డాను. మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఆగండి! ఈరోజు వెళ్ళకూడదు. షెడ్డులో కంప్యూటరు చెప్తోంది," అని సుధారాణి అరిచింది.

"అదే సూసి ఎల్తన్నాం తల్లీ," అన్నాడు లచ్చయ్య. "జెండా బొమ్మొచ్చినాది. సేపలున్నాయని నీ మిషనే సెప్పింది."

"అది ప్రమాదమని అర్థమండీ!"

"పెమాదమైతే బెండు జెండా ఎందుకెట్టినావు? కూడు సూపించి తినొద్దంతావేటి?"

అందరూ గొల్లున నవ్వారు. రేడియో పొద్దున్న ఏదో చెప్పింది కదా అని ఒకడన్నాడు. అది రోజూ అలాగే ఏడుస్తుందని ఇంకొకడన్నాడు. దానమ్మ మేనల్లుణ్ణి చొక్కా పట్టుకు లాగుతోంది. వాడు విడిపించుకుంటున్నాడు. దానమ్మ ముత్తయిదువ, ఎంత అరిచినా దాని అరుపు అరుపే, దానికి బోటు ఆగదు.

ఇంజను మోగింది. "సింహాచలం!" అని పిలిచాను. వినబడలేదు.

ఎలా నడిచానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఇసుక కాలుతోంది, చెప్పులు ఆటోలోనే ఉండిపోయాయి. తిన్నగా వెళ్ళి నీళ్ళలో దిగి, లచ్చయ్య బోటు మూతికి ఎదురుగా నిలబడ్డాను.

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ఇంజను ఆపేశారు.

"ముండమోపీ!" అన్నాడు లచ్చయ్య. "ఎదురొత్తావేటే! కళ్ళు పోనాయా?" తెడ్డు తీసి విసిరాడు. అది నా పక్కన నీళ్ళలో పడింది.

"అప్పా!" అన్నాడు మా తమ్ముడు. వాడి మొహం సిగ్గుతో నల్లబడింది. "నువ్వేటి ఇక్కడ? ఎల్లిపో అప్పా, నీ కాళ్ళట్టుకుంతాను."

"ఒచ్చినాను," అన్నాను. "ఇంక ఎల్లండి, సూద్దుం."

ఎవరూ కదల్లేదు. నేను ఒక్క బోటుతో ఆగలేదు. వరసగా ఎనిమిదింటికో తొమ్మిదింటికో, ప్రతి దానికీ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ప్రతి చోటా ఆ మాటే పడింది, ఇంకా పెద్ద మాటలూ పడ్డాయి. ఒక ముసలాయన నా వైపు ఇసుక జల్లాడు. టీచరమ్మ ఇక్కడ కలం ఆపింది. రాయమన్నాను.

బోట్లు వెనక్కి లాగారు. ఆ రోజు కూలి పోయిందని అందరూ నన్నే చూస్తున్నారు. సముద్రం ఇంకా అలా మెరుస్తూనే ఉంది. గంట గడిచింది. అప్పటికీ గాలి పెరగలేదు. తుపాను నిజంగా రాకపోతే ఈ ఒడ్డున నా తమ్ముడికి ఇంక పని ఉంటుందా అనుకున్నాను. సుధారాణి నా పక్కనే కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. తుపాను రావాలని కోరుకోవాలో, రాకూడదని కోరుకోవాలో ఆ పిల్లకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. నీళ్ళ మీద ఇంకా రెండు బోట్లున్నాయి.

పొద్దు వాలకముందే ఉత్తరం పక్క నల్లబడింది. తర్వాత వచ్చిన గాలికి చేపలు ఎండబెట్టే తడికలు లేచిపోయాయి. వెళ్ళిన రెంటిలో ఒకటి చీకటి పడకముందే సగం నీళ్ళతో ఒడ్డుకి కొట్టుకొచ్చింది. రెండోది రాలేదు.

తమ్ముడి గుడిసెలో ఆ రాత్రి వేడన్నం, పండుగొప్ప చేప పులుసు. వాడు నాతో మాట్లాడలేదు. కప్పు మీద వాన దబదబా కొడుతోంది. చాలాసేపటికి, "అప్పా, ఇంకొంచెం పులుసేసుకో," అన్నాడు.

మర్నాడు

తెల్లారాక కబురొచ్చింది. రెండో బోటు దక్షిణంగా రెండూళ్ళ అవతల ఒడ్డుకి చేరింది. ఇంజను పోయింది, వల పోయింది, ముగ్గురు మనుషులూ ఉన్నారు. వాళ్ళ ఆడవాళ్ళు అప్పుడు ఏడవడం మొదలుపెట్టారు.

లచ్చయ్య షెడ్డు దగ్గరకొచ్చి నాకు కాస్త దూరంలో నిలబడ్డాడు. టీ గ్లాసు నేల మీద పెట్టి నా వైపు తోశాడు. "తాగు," అన్నాడు. "ఇంకెప్పుడూ ఒడ్డుకి రాకు గానీ."

సుధారాణి భావనపాడు ఆడవాళ్ళందరినీ యంత్రం చుట్టూ కూర్చోబెట్టింది. ఈసారి తను బొమ్మ చూపించలేదు, వాళ్ళనే అడిగింది. వెళ్ళొద్దు అనడానికి ఏ బొమ్మ వేయాలి? కొందరు పెద్ద అలలు అన్నారు. అలలు మాకు రోజూ ఉండేవే అని మిగతావాళ్ళు కొట్టిపారేశారు. చివరికి ఒక ముసలావిడ, "బోటు పైకి లాగి కొబ్బరి సెట్టుకి కట్టీసినట్టు ఎయ్యమ్మా. అది సూత్తే నా మనవడు కూడా మంచం దిగడు," అంది. అందరూ సరేనన్నారు. ఆ బొమ్మే తర్వాత పెట్టారు.

అప్పుడు సుధారాణి చేతిలో ఫోను మోగింది. విశాఖపట్నం నుంచి వాళ్ళ సార్. ఇంగ్లీషులో మాట్లాడింది. మధ్యలో నా వైపు చూసి లేచి పక్కకి వెళ్ళింది. తిరిగొచ్చాక మొహం బాగోలేదు.

"ఏటన్నాడు?" అని అడిగాను.

"హెచ్చరిక పెట్టిన రోజు ఒడ్డున బోట్లు ఆగిపోయాయి కదా, అదే రాయమన్నారు. యంత్రం పనిచేసిందని."

"నువ్వేటి రాత్తావు?"

సార్ చెప్పినట్టు రాస్తే ఇంకా చాలా రేవుల్లో యంత్రాలు పెడతారట, తన చదువు కూడా అయిపోతుందట. కాయితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మిషను ఆళ్ళని పంపింది," అన్నాను. "నానాపినాను. నువ్వు సూసినావు. ఇంకో రేవులో ఇదే జెండా పెడితే, అక్కడ నానుంటానేటి?"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని కలం తీసింది. రాస్తూ పైకి చెప్పింది, బొమ్మను జనం తప్పుగా కాదు, తమ పనిని బట్టి సరిగ్గానే చదివారని, చాలామంది తాకారంటే అర్థమైందని కాదని, బోట్లు ఆగింది యంత్రం వల్ల కాదని. తర్వాత, "ఒక మహిళ ఎదురు రావడంతో ఆగాయి," అని రాయబోయింది.

"నా పేరు రాయవా?"

"పేర్లు రాయకూడదమ్మా. మా పద్ధతి."

"సరే, పేరొద్దు. ఒక మహిళ అంతే సాలదు. దానమ్మా మహిళే. నా కంటే ముందెల్లి అరిసినాది. ఎవులాగినారు? ముండమోపి అని రాయి."

"ఆ మాట నేనెలా రాయనమ్మా?"

"ఆళ్ళు నా మొకం మీదే అన్నారు. నువ్వు కాయితం మీద రాయలేవా? అది నేకపోతే బోట్లెందుకాగినాయో సదివినోల్లకి ఎలగ తెలుత్తాది?"

కాయితం మీదకి వంగి రాసింది. చదివి వినిపించమన్నాను. చుట్టూ ఆడవాళ్ళున్నారని గొంతు తగ్గించి చదివింది.

గట్టిగా చదవమన్నాను.